చెయ్యి వచ్చింది, వేళ్ళు రాలేదు

2024 జూన్ 10, సోమవారం. మధ్యాహ్నం మూడింటికి జీడిమెట్లలోని మా షెడ్డు ముందు మినీ లారీ ఆగింది. పన్నులతో కలిపి 24 లక్షలు పెట్టి కొన్న రోబో అందులో ఉంది. డెన్మార్క్‌లో తయారైన యూఆర్5ఇ, ఒంటి చెయ్యి ఆకారంలో ఉండే రోబో. అట్టపెట్టె విప్పి ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే సులువుగానే బయటికి వచ్చింది. బరువు 20.6 కిలోలే. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి కొన దగ్గర ఆగారు. అక్కడ ఒక గుండ్రటి బిళ్ళ, దానిలో నాలుగు మరల రంధ్రాలు తప్ప ఏమీ లేవు. ఆ బిళ్ళను బొటనవేలితో తడిమి చూసి, "చెయ్యి కొన్నావు సరే తల్లీ, వేళ్ళేవి?" అన్నారు.

వేళ్ళు విడిగా కొనాలని నాకు తెలుసు. నెలలోపు తెమిలే పని అనుకున్నాను. అక్టోబరు దాకా పట్టింది. రోబో కొనాలని లెక్కలు వేసుకుంటున్న చిన్న షాపుల వాళ్ళు నన్ను అడుగుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రోబో గురించి నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు. చెప్పేదంతా దాని కొనకు బిగించే సామాను గురించే.

మాకు నాలుగు సీఎన్‌సీ లేతులు, అంటే లోహపు ముక్కను తిప్పుతూ కోసే కంప్యూటర్ యంత్రాలు, ఉన్నాయి. వాటిలో ఒకటి పగలూ రాత్రీ ఒకే జాబ్ చేస్తుంది (లేతు మీద చేసే ముక్కనే మేము జాబ్ అంటాం). ట్రాక్టర్ హైడ్రాలిక్స్‌లోకి వెళ్ళే ఉక్కు బుష్, పొట్టి గొట్టం లాంటిది. ముడి ముక్క 60 మి.మీ. వ్యాసం, 70 మి.మీ. పొడవు, బరువు 1.55 కిలోలు. కోత అయి బయటికి వచ్చేసరికి కిలో చిల్లర. ఒక్కోదానికి 3 నిమిషాల 40 సెకన్లు. మార్చిలో రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఊరికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఒకరు పది రోజులు, ఇంకొకరు మూడు రోజులు చేశారు. ముక్క పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం, రాత్రంతా అదే. మనిషిని తప్పు పట్టలేను.

జూన్ 14న మొదటి కొటేషన్ వచ్చింది. రోబో కొనకు బిగిస్తే ముక్కను పట్టుకునే ఎలక్ట్రిక్ గ్రిప్పర్, విదేశీ సరుకు, ఒక్కోటి 4,20,000. మాకు రెండు కావాలి. ఒక చేత్తో తయారైన జాబ్ తీసి, అదే ఊపులో రెండో చేత్తో ముడి ముక్క పెట్టేయాలి. ఒకే చెయ్యి అయితే తీసి, పక్కన పెట్టి, కొత్తది ఎత్తి, మళ్ళీ లోపలికి వెళ్ళాలి. అంతసేపూ లేతు ఖాళీగా నిలబడుతుంది. రెండింటికి జీఎస్టీతో 9,91,200. వచ్చేసరికి ఎనిమిది నుంచి పది వారాలు. ఆ కాగితం పట్టుకుని కాసేపు కుర్చీలోంచి లేవలేదు. బ్యాంకు మంజూరు చేసిన అప్పులో ఈ పది లక్షలు లేవు.

నిజానికి డబ్బు సంగతి తర్వాత. దాని కంటే ముందే మా ఫోర్‌మన్ ఒక చిక్కు పట్టుకున్నారు. ఆయన బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీలో డిప్లొమా చేసినవారు. నాన్న దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉన్నారు, నేను బాబాయ్ అంటాను. స్టోర్సులోంచి పార్శిల్ తూకం మిషను తెప్పించి, "ఈ రోబో ఎంత మోస్తుందమ్మా?" అని అడిగారు. ఐదు కిలోలు అన్నాను. నోటుపుస్తకం తీశారు. గ్రిప్పర్ 900 గ్రాములు, రెండు 1.8 కిలోలు. వాటిని రోబోకు బిగించే పలక, మేము అప్పటికే 12 మి.మీ. ఉక్కులో కోసిపెట్టుకున్నది, 1.2 కిలోలు. ఒక చేతిలో ముడి ముక్క, ఒక చేతిలో తయారైన బుష్ ఉండే క్షణంలో ఆ రెండూ కలిపి 2.58. మొత్తం 5.58. "వేళ్ళు తొడిగేసరికే చెయ్యి సగం అలిసిపోతోంది" అన్నారు.

మోసే బరువంటే జాబ్ బరువు అనుకునే పొరపాటు మేమే కాదు, చాలామంది చేస్తారు. గ్రిప్పర్, పలక, బోల్టులు, గొట్టాలు అన్నీ ఆ ఐదు కిలోల్లోంచే పోతాయి. పైగా ఆ ఐదు కూడా బరువు కొనకు దగ్గరగా ఉన్నప్పుడే. బరువుకు మధ్యబిందువు కొన నుంచి దూరం జరిగేకొద్దీ మోయగలిగేది తగ్గుతుంది. రోబో పుస్తకంలో దానికి ఒక గీత గీసిన పటం ఉంది. కొనేముందు ఆ పేజీ నాకు ఎవరూ చూపించలేదు, నేనూ తిప్పలేదు.

దాంతో గాలితో పనిచేసే గ్రిప్పర్ల వైపు మళ్ళాం. మా షాపులో కంప్రెసర్ ఎలాగూ ఉంది. జూన్ 24న ఇలాంటి సామాను దొరికే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళాను. 25 మి.మీ. బోరు (లోపలి గాలి సిలిండరు వ్యాసం) గ్రిప్పర్ కౌంటర్ మీదే దొరికింది, 430 గ్రాములు, 14,200. కానీ దాని పట్టు ముడి ముక్కకు సరిపోదు. కోతప్పుడు పోసే కూలెంటు ద్రవంతో తడిసి జారే ఉక్కును పట్టాలంటే దాని బరువుకు పది నుంచి ఇరవై రెట్లు పట్టు ఉండాలని తయారీదారులే చెబుతారు. కిలోన్నర ముక్కకు 150 న్యూటన్లయినా, అంటే సుమారు పదిహేను కిలోల బరువంత పట్టు కావాలి. దానికి 32 మి.మీ. బోరుది కావాలి, 700 గ్రాములు, 23,600. "ఐదు వారాలు పడుతుంది మేడమ్" అన్నాడు షాపు అతను. బాబాయ్‌కి ఫోను చేస్తే, బరువైన ముడి ముక్కకు పెద్దది, తేలికైన బుష్‌కు చిన్నది తీసుకోమన్నారు. రెండూ ఒకేలా ఉండాలని రూలేమీ లేదు కదా. ఒక చెయ్యి లావు, ఒక చెయ్యి సన్నం. ఉక్కు పలకను పక్కన పడేసి, అదే కొలతకు అల్యూమినియంలో కోశాం. 1.2 కిలోలది 415 గ్రాములకు దిగింది. వేళ్ళు, గొట్టాలు అన్నీ కలిపి రెండు జాబ్‌లతో నాలుగున్నర కిలోలు. ఆ సాయంత్రం బాబాయ్ అందరికీ ఇరానీ చాయ్ తెప్పించారు.

పలక గురించి ఒక మాట. రోబో కొనకు ఉండే బిళ్ళ కొలతకు ఐఎస్‌ఓ 9409 అని ప్రమాణం ఉంది. మా రోబోది 50-4-ఎం6. అంటే 50 మి.మీ. వలయం మీద నాలుగు రంధ్రాలు, ఎం6 మర. చూడటానికి ఇంత సులువు. కానీ ఆ నాలుగింటితో పాటు 6 మి.మీ. పిన్ను దిగే సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. మొదటి అల్యూమినియం పలకలో దాని చోటు నేనే డ్రాయింగులో తిరగేసి చూశాను. పలక బిగించాక రెండు చేతులూ లేతు వైపు కాకుండా కిటికీ వైపు చూశాయి. ఎవరూ నవ్వలేదు, నాన్న తప్ప. పిన్ను లేకుండా బోల్టులతోనే సరిపెట్టవచ్చు అని ఎవరైనా అంటే వినకండి. పలక విప్పి తిరిగి బిగించిన ప్రతిసారీ వేళ్ళు వెంట్రుకవాసి జరుగుతాయి, రోబోకు నేర్పిన స్థానాలన్నీ మళ్ళీ నేర్పాలి. రెండో పలక జూలై 9న తయారైంది.

32 బోరు గ్రిప్పర్ జూలై నెలాఖరుకు రావాలి. ఈలోగా గ్రిప్పర్లకు గాలిని వదిలే, ఆపే వాల్వులు, ఫిల్టరు, రెగ్యులేటరు, 6 మి.మీ. గొట్టం కొందామని జూలై 22న మళ్ళీ రాణిగంజ్ బయల్దేరాను. ముందురోజే లష్కర్ బోనాలు. మహంకాళి గుడి చుట్టూ దారులు మూసేసి ఉన్నాయి, ఆ రోజు భవిష్యవాణి చెప్పే రంగం. సగం షట్టర్లు దించి ఉన్నాయి. ఆటో దిగి, తీన్‌మార్ డప్పుల మధ్య నడిచి నడిచి, చివరకు తెరిచి ఉన్న ఒక చిన్న కొట్లో వాల్వులు కొన్నాను. తొందరలో ఏ రకమో అడగలేదు. ఆ తొందర ఖరీదు సెప్టెంబరులో తెలిసింది, చెబుతాను.

గ్రిప్పర్ ఆగస్టు 3న వచ్చింది. ఐదు వారాలన్నది ఆరు వారాలయింది. దాని వేళ్ళు మాత్రం ఎవరూ అమ్మరు. గ్రిప్పర్ అంటే దగ్గరికి, దూరానికి జరిగే రెండు చిన్న దిమ్మెలు, అంతే. వాటికి తగిలించే వేళ్ళు మన జాబ్‌ను బట్టి మనమే చేసుకోవాలి. నేను కంప్యూటర్‌లో రెండు చదును వేళ్ళు గీశాను. నాన్న ఆ బొమ్మ చూసి ఏమీ అనకుండా టూల్ రూములోకి వెళ్ళి, ఆయన 1989లో మొదటి లేతుతో పాటు కొన్న వీ బ్లాకు, వీ ఆకారపు గాడి ఉన్న ఇనుప దిమ్మె, తెచ్చి బల్ల మీద పెట్టారు. దాని గాడిలో బుష్‌ను పైనుంచి వదిలారు. అది దొర్లి, సర్దుకుని, మధ్యలో కూర్చుంది. ఇంకోసారి వదిలారు, వంకరగా. మళ్ళీ అక్కడే కూర్చుంది. చదునైన బల్ల మీద వదిలితే దొర్లుకుంటూ వెళ్ళి ఆయన చెప్పును తాకింది. నేను నా బొమ్మ చెరిపేసి, వేళ్ళకు వీ గాడి పెట్టాను.

ఆగస్టు రెండో వారంలో వైర్ల దగ్గర ఆగిపోయాం. చెయ్యి నిజంగా జాబ్‌ను పట్టుకుందో లేదో రోబోకు తెలియాలి. దానికి గ్రిప్పర్ పక్క గాడిలో చిన్న స్విచ్చులు పెడతారు. తెరుచుకుంటే ఒకటి, మూసుకుంటే ఒకటి, రెండు చేతులకు నాలుగు. రోబో మణికట్టు దగ్గర ఎనిమిది పిన్నుల సాకెట్టు ఒకటి ఉంది. కానీ దానిలో డిజిటల్ ఇన్‌పుట్లు రెండే. మిగతా రెండింటికి వైరును చెయ్యి పొడవునా కట్టి, కింద కంట్రోల్ పెట్టె దాకా లాగాలి. అక్కడ పదహారు ఇన్‌పుట్లు ఉన్నాయి కానీ, ప్రతి కీలు తిరిగినప్పుడల్లా ఆ వైరు మెలిపడుతుంది. నేను ఇంకో కేబుల్‌కు ధర కనుక్కుంటుంటే, బాబాయ్ గ్రిప్పర్‌ను బల్ల మీద పెట్టి, గడియారాల వాళ్ళు వాడే సన్న స్క్రూ డ్రైవరు తీసి స్విచ్చును గాడిలో ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచారు. వేళ్ళ మధ్య బుష్ పెట్టి గాలి వదిలితే ఎర్ర లైటు వెలిగింది. బుష్ తీసేసి గాలి వదిలితే వేళ్ళు ఇంకా దగ్గరికి పోయి, స్విచ్చు ఉన్న చోటు దాటిపోయి, లైటు వెలగలేదు. తెరిచి ఉన్నా వెలగలేదు. "పట్టుకుంటేనే వెలుగుతుంది. చేతికి ఒకటి చాలమ్మా." నాలుగు కావలసిన చోట రెండుతో సరిపోయింది. ఈ కిటుకు నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

మణికట్టు సాకెట్టుకు సరిపోయే కేబుల్ మాత్రం హైదరాబాద్‌లో దొరకలేదు. చెన్నైలో ఆర్డరు పెట్టాం, 6,800. ఆగస్టు 29న బయల్దేరిందని మెసేజి వచ్చింది. ఆ శని ఆదివారాల్లో కురిసిన వానకు విజయవాడలో బుడమేరు పొంగింది, ఖమ్మం మునిగింది, మహబూబాబాద్ దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. అక్కడి జనం మేడల మీద నిలబడి తిండిపొట్లాల కోసం ఎదురుచూస్తున్న వీడియోలు చూశాక, నా కేబుల్ ఏదని అడగడానికి నోరు రాలేదు. వినాయక చవితి వెళ్ళాక, సెప్టెంబరు 9న వచ్చింది.

ఆ ఎదురుచూపుల్లోనే ఇంకో రెండు సంగతులు జరిగాయి. ఒకటి నవ్వు తెప్పించేది. రోబోకు స్థానాలు నేర్పేటప్పుడు ఒక బటన్ నొక్కి పడితే కీళ్ళు వదులవుతాయి, చేత్తో పట్టుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పవచ్చు. దానికి ముందు కొనకు ఎంత బరువు ఉందో తెరలో నింపాలి. నేను రెండు జాబ్‌లతో కలిపి నాలుగున్నర అని రాశాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. బటన్ నొక్కగానే రోబో ఎవరో కింద నుంచి ఎత్తినట్టు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. లేని బరువును మోస్తున్నానని అది అనుకుంటోంది. బటన్ వదిలితే ఆగింది. అప్పటి నుంచి ప్రోగ్రాములో చెయ్యి ముక్కను పట్టిన ప్రతిచోటా, వదిలిన ప్రతిచోటా బరువు మార్చే వరుస ఒకటి చేర్చాను. ఖాళీ చెయ్యి, ఒక జాబ్, రెండు జాబ్‌లు, మూడు లెక్కలు.

రెండోది నవ్వేది కాదు. మనుషుల పక్కన పనిచేయగల రోబో, తగిలితే ఆగిపోతుంది అని అమ్మినవాళ్ళు మరీ మరీ చెప్పారు. అది నిజమే, చేతికి సంబంధించినంత వరకు. గాలి గ్రిప్పర్‌కు ఆ జ్ఞానం లేదు. గొట్టాలు సరిచూస్తుండగా ఎవరో వాల్వు నొక్కారు, బాబాయ్ చూపుడువేలు దిమ్మెల మధ్య ఇరుక్కుంది. ఎముకకు ఏమీ కాలేదు, గోరు నల్లబడి రాలిపోయింది. ఈ రకం రోబోల భద్రత మీద 2016లో వచ్చిన ఐఎస్‌ఓ 15066 పత్రం కూడా చేతిని ఒక్కదాన్నే కాదు, దానికి తగిలించిన పనిముట్టును, అది పట్టుకున్న జాబ్‌ను కలిపి చూడమంటుంది. ఆ మర్నాడే తలుపు తెరిస్తే రోబో ఆగిపోయేలా చుట్టూ జాలీ కంచె కట్టించాం, 42,000. కంచె అక్కర్లేని రోబో అని కొని కంచె కట్టాం. నాకు విచారం లేదు.

లేతు వైపు పనులు ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. తలుపు దానంతటదే తెరుచుకునే సిలిండరు, లేతూ రోబో మాట్లాడుకునే రిలే కార్డు కలిపి 1,65,000. రోబో ధర పక్కన పెడితే ఈ మొత్తం ప్రయాణంలో అతి పెద్ద బిల్లు అదే, అతి తక్కువ తలనొప్పి కూడా అదే. వచ్చారు, మూడు రోజులు చేశారు, వెళ్ళారు.

సెప్టెంబరు 12న మొదటి ముక్క చక్‌లోకి, అంటే లేతులో ముక్కను బిగించే దవడల మధ్యకు, వెళ్ళింది. వెళ్ళి, రోబో ఆగిపోయింది. తెర మీద ఎర్ర పెట్టె. తిరిగి మొదలుపెట్టాం, మళ్ళీ అదే. రెండు రోజులు కారణం తెలియలేదు. చక్ దవడలు మూసుకునేటప్పుడు ముక్కను కొంచెం లోపలికి లాక్కుంటాయి. అదే క్షణంలో గ్రిప్పర్ కూడా దాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. రెండు చేతులు ఒకే వస్తువును ఎవరికి వారు లాక్కుంటే బలం ఎక్కువైందని రోబో ఆగిపోతోంది. నాన్న రెండు వేళ్ళ మధ్య తన టీ గ్లాసు పట్టుకుని నా వైపు చాచారు. "అందుకో." అందుకున్నాను. "నువ్వు పట్టుకున్నాక నేను వదిలానా, ముందే వదిలానా?" ఆలోచిస్తే రెండూ కాదు. నేను పట్టుకుంటున్నప్పుడు ఆయన పట్టు సడలించారు. గాలి గ్రిప్పర్‌కు సడలించడం రాదు, పట్టడం, వదలడం రెండే వచ్చు. అందుకని గ్రిప్పర్‌కు, పలకకు మధ్య మూడు మిల్లీమీటర్లు ఆడే స్ప్రింగు పలక ఒకటి చేశాం. చక్ లాగితే చెయ్యి మూడు మిల్లీమీటర్లు వెంట వెళుతుంది. ఇలాంటివి విదేశాల్లో తయారైనవి దొరుకుతాయి. మాది రెండు పలకలు, నాలుగు స్ప్రింగులు, నాలుగు షోల్డర్ బోల్టులు.

సెప్టెంబరు 24 రాత్రి మొదటిసారి మనిషి లేకుండా నడిపి చూద్దామనుకున్నాం. మనిషి లేకుండా అంటే నేను, బాబాయ్, ఒక ఫ్లాస్కు. పన్నెండున్నరకు ఇరవై జాబ్‌లు దాటాయి. వాన మొదలైంది. 1.50కి కరెంటు పోయింది. చీకట్లో ఏదో బరువైనది ఇనుము మీద పడ్డ చప్పుడు, ఆ తర్వాత అది దొర్లిన చప్పుడు. ఫోను లైటు వేసి చూస్తే రోబో చెయ్యి లేతు లోపల గాలిలో అలాగే నిలబడి ఉంది, దాని కీళ్ళకు బ్రేకులు ఉన్నాయి కాబట్టి. వేళ్ళు మాత్రం బార్లా తెరుచుకుని ఉన్నాయి. కిలోన్నర ముక్క లేతు లోపలి స్లైడ్ కవరు మీద పడి సొట్ట పెట్టింది.

రంగం రోజున తొందరలో కొన్న వాల్వులు ఒకే కాయిల్ రకం. కరెంటు ఉన్నంతసేపు మూసి ఉంచుతాయి, పోగానే స్ప్రింగు వెనక్కి నెట్టి చేతిని తెరిచేస్తుంది. రెండు కాయిళ్ళ రకమైతే కరెంటు పోయినా ఉన్న స్థితిలోనే ఉంటుంది. రెండింటికీ ధరలో తేడా 1,150 రూపాయలు. కవరు బాగుచేయడానికి 17,000, తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు పగటి షిఫ్టు కూడా ఆ లేతు మీద జరగలేదు. వాల్వులు మార్చడమే కాదు, గాలి వెనక్కి పోకుండా నాన్ రిటర్న్ వాల్వు, కంప్రెసర్ ఆగినా కాసేపు పట్టు నిలిచేలా ఒక చిన్న గాలి ట్యాంకు, పీడనం తగ్గితే రోబోను ఆపే స్విచ్చు చేర్చాం. వాన పడే ఊళ్ళో గాలి గ్రిప్పర్ పెట్టేవాళ్ళు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే, కరెంటు పోతే చెయ్యి ఏం చేస్తుంది అని.

అక్టోబరు 12, దసరా. ఆయుధ పూజకు నాన్న రోబోకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మణికట్టుకు బంతిపూల దండ వేశారు. ఇంతదాకా బాగానే ఉంది. లేతు చక్కుల కింద నిమ్మకాయలు పెడుతుంటే మా హెల్పర్ కుర్రాడికి సరదా పుట్టి, ఒక నిమ్మకాయను పెద్ద గ్రిప్పర్ వేళ్ళ మధ్య పెట్టి, మీట నొక్కాడు. ఆరు బార్ల పీడనంతో గాలి. రసం నాన్న పట్టుచొక్కా మీద, నా కళ్ళజోడు మీద పడింది. గింజలు పలకకు అతుక్కున్నాయి. అందరూ నవ్వుతుంటే బాబాయ్ మాత్రం నలిగిన తొక్కను పట్టుకుని చూస్తున్నారు. "అమ్మా, తయారైన బుష్‌ల మీద గీతలు ఎందుకు పడుతున్నాయో తెలిసింది" అన్నారు. చిన్న గ్రిప్పర్‌కు కూడా అదే గాలి పోతోంది. దానికి విడిగా రెగ్యులేటరు పెట్టి నాలుగు బార్లకు దించాం, వేళ్ళకు మెత్తలు అతికించాం. మొదటి మెత్తలు సైకిల్ ట్యూబు ముక్కలు. కూలెంటు నూనెకు నాలుగు రోజుల్లో ఉబ్బి ఊడిపోయాయి. తర్వాత పాలీయురెథేన్ షీటు కోసి పెట్టాం, అవి ఇప్పటికీ ఉన్నాయి.

చివరిగా బిగించాల్సిన సామాను ఒకటి మిగిలింది, అది ఎవరి కొటేషన్‌లోనూ లేదు. మనిషి ముక్క పెట్టేముందు అనుకోకుండానే చక్ లోపల ఒకసారి ఊదుతాడు, లేదా గుడ్డతో తుడుస్తాడు. రోబో తుడవదు. దవడల వెనక ఇనుప తురుము ముక్క ఒకటి ఉండిపోతే కొత్త ముక్క ఒరిగి కూర్చుంటుంది. ఒక ఉదయం వచ్చి చూస్తే 14 బుష్‌లకు మొహం వంకర. రెండు చేతుల మధ్య ఒక రాగి గొట్టం వంచి బిగించి, ముక్క పెట్టేముందు మూడు సెకన్లు గాలి ఊదేలా చేశాం. గొట్టానికి, ట్యాంకుకు, స్విచ్చులకు కలిపి 11,200. నన్నడిగితే మొత్తం చేతిలో అన్నిటికంటే విలువైన భాగం ఆ వంకర రాగి గొట్టమే.

అక్టోబరు 21 నుంచి రోజూ నడుస్తోంది. నవంబరు మొదటి వారంలో కూర్చుని రోబో ధర కాకుండా మిగతా బిల్లులన్నీ కలిపితే, కంచెతో, తలుపుతో, సొట్టతో సహా 3,10,600 తేలింది. మా సొంత లేతుల మీద వేళ్ళు, పలకలు కోసుకున్న గంటలకు వెల కట్టలేదు. కడితే ఇంకో లక్ష ఉంటుందని బాబాయ్ అంటారు. మొదటి కొటేషన్ 9,91,200తో పోల్చి నేను మిగిలిందని మురిసిపోతుంటే, ఆ ఎలక్ట్రిక్ చేతులు కొని ఉంటే ఆగస్టు చివరికే అయిపోయేదేమో, రెండు నెలల రాత్రి షిఫ్టు విలువ ఎంత అని నాన్న అడిగారు. లెక్క వేయలేదు. వాటికీ తలుపు, కంచె, రాగి గొట్టం కావలసిందే కదా. పైగా బరువు 5.58.

ఇప్పుడు 45 మి.మీ. జాబ్ ఒకటి వచ్చింది. దానికి రెండో జత వేళ్ళు కోస్తున్నాం. వేళ్ళు విప్పి, కొత్తవి బిగించి, బాబాయ్ స్విచ్చులను మళ్ళీ వెంట్రుకవాసి జరిపేసరికి నిన్న పదకొండు నిమిషాలు పట్టింది.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. రోబో చెయ్యి చాచగలిగేది 850 మి.మీ. ఆ దూరంలో పట్టే ట్రేలో 60 ముక్కలకే చోటు. మార్చుకోవడంతో కలిపి ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, అంటే నాలుగు గంటలు. రాత్రి తొమ్మిదిన్నరకు నింపి ఇంటికి వెళితే ఒంటిగంటన్నరకు ట్రే ఖాళీ. ఆ వేళకు మా వాచ్‌మన్ లేచి, కంచె తలుపు తీసి, అరవై ముక్కలు పేర్చి, పచ్చ బటన్ నొక్కుతాడు. దానికి అతనికి నెలకు మూడు వేలు ఎక్కువ ఇస్తున్నాం. మొన్న అతను నిద్రపోయాడు. రెండింటికి మెలకువ వచ్చి నాకు ఫోను చేశాడు. "అమ్మా, తినడానికి ఏమీ లేక మీ రోబో చేతులు చాచుకుని నిలబడిపోయింది. పెట్టమంటారా?"

పెట్టమన్నాను.